ఏ పొర మనది?

శిథిలాలు మాట్లాడవు. అందుకే వాటి తరఫున మాట్లాడటానికి మన రాజకీయాల్లో ఎప్పుడూ పోటీ ఉంటుంది. కొన్నేళ్లుగా ఆ పోటీ బహిరంగ సభల నుంచి న్యాయస్థానాలకు చేరింది. ఫలానా ప్రార్థనాలయం కింద ఏముందో సర్వే చేయించాలని కోరుతూ దిగువ కోర్టుల్లో వ్యాజ్యాలు వరుసకట్టాయి. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో మసీదు సర్వే సందర్భంగా చెలరేగిన హింసలో మనుషుల ప్రాణాలు పోయాయి. డిసెంబరు 12న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, ఇటువంటి కొత్త దావాలను నమోదు చేయవద్దని, నడుస్తున్న దావాల్లో సర్వే ఆదేశాలు ఇవ్వవద్దని దిగువ కోర్టులను నిలువరించింది.

వృత్తిరీత్యా ఈ వ్యవహారాన్ని చాలాకాలంగా గమనిస్తున్నవాణ్ణి. పొర, అవశేషం, ఆధారం అన్న మాటలు వార్తల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఒక పొర కింద మరో పొర ఉండటమంటే ఏమిటో తీరిగ్గా చూసే అవకాశం మాత్రం మొన్నటి చలికాలంలో ఛత్తీస్‌గఢ్‌లో దొరికింది. బిలాస్‌పూర్ జిల్లా మస్తూరీ ప్రాంతంలోని మల్హార్ అనే చిన్న పట్టణానికి, గైడు వెంటరాగా, ఒక పగటి యాత్ర చేసి వచ్చాను.

మస్తూరీ పేరు తెలుగు పాఠకులకు కొత్త కావచ్చు. బిలాస్‌పూర్ మాత్రం మనవాళ్లకు కొత్త కాదు. 19వ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరి మీదుగా పట్టాలు వేసింది. 20వ శతాబ్ది తొలినాళ్లలో వాల్తేరు నుంచి ఉత్తరంగా పోయే తూర్పుతీర మార్గం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. ఆ పట్టాల వెంబడే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనుషులు పనుల కోసం ఇటు వచ్చారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఈ ఊరే కేంద్రమైంది. రైల్వే క్వార్టర్ల వీధుల్లో నేటికీ తెలుగు వినబడుతుంది. నేను బస చేసింది అటువంటి ఇంట్లోనే. ఒక మిత్రుని మేనమామ, రైల్వేలో ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన, ఆతిథ్యమిచ్చారు.

"అమ్మాయి జర్మనీ రమ్మంటోంది బాబూ, రోమ్ నగరం చూపిస్తానంటోంది. నలభై ఏళ్లు ఇక్కడ ఉద్యోగం చేశాను, ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న మల్హార్ చూడలేదు. ముందు ఇది చూసి, తర్వాత రోమ్ సంగతి చూద్దాం" అన్నారాయన. "మీరొస్తానంటే అంతకన్నా ఏం కావాలి మావయ్యగారూ" అన్నాను. అలా పదిమంది ప్రయాణికులున్న వ్యానులో ఇద్దరం ఎక్కాం.

రోమ్ ప్రస్తావన ఆయన నోట యథాలాపంగా వచ్చినా, ఈ నేలకు అది పరాయిది కాదు. ఇదే బిలాస్‌పూర్ జిల్లాలోని చకర్‌బేఢాలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. భారతదేశంలో దొరికిన రోమన్ నాణేల పట్టికల్లో ఆ ఊరి పేరు నమోదై ఉంది. క్రీస్తుశకం 1వ శతాబ్దిలో ప్లినీ అనే రోమన్ రచయిత, భారత్, చైనా, అరేబియాలు కలిసి ఏటా 10 కోట్ల సెస్టెర్సుల ధనాన్ని తమ సామ్రాజ్యం నుంచి లాగేసుకుంటున్నాయని, తమవారి విలాసాలకు అది మూల్యమని వాపోయాడు. వాణిజ్య లోటు మీద రాజకీయ ఆక్రోశం నిన్నా మొన్నా పుట్టింది కాదన్నమాట. ఆ ఆక్రోశానికి కారణమైన బంగారంలో కొన్ని తునకలు ఈ వరిపొలాల మట్టి దాకా ప్రయాణించాయి.

బిలాస్‌పూర్ నుంచి రాయ్‌గఢ్ వైపు పోయే జాతీయ రహదారి మీద మస్తూరీ వస్తుంది. షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు చేసిన శాసనసభా స్థానం ఇది. కోసిన వరి మోళ్లు, చెరువు గట్లు, ధాన్యం సేకరణ కేంద్రాల ముందు బస్తాలతో నిలిచిన ట్రాక్టర్లు దారి పొడవునా కనిపిస్తాయి. మస్తూరీ దాటాక ప్రధాన రహదారి వదిలి మల్హార్ దారి పట్టాలి. మా గైడు మల్హార్‌లోనే పుట్టిపెరిగిన యువకుడు. చరిత్రలో డిగ్రీ చేశాడు. హిందీలో మొదలుపెట్టి, ఉత్సాహం వచ్చినప్పుడల్లా ఛత్తీస్‌గఢీలోకి జారిపోయేవాడు. మావయ్యగారు నాకు దాన్ని తెలుగు చేసి చెప్పేవారు.

ఊరి చుట్టూ ఉన్న మట్టికోటను మొదట చూపించాడు. కోట అంటే బురుజులు, ద్వారాలు ఆశించేవారికి నిరాశే. గడ్డి మొలిచిన ఎత్తయిన గట్టు, దాని వెలుపల అగడ్త ఆనవాలు, అంతే. ఆ గట్టు లోపల, వెలుపల కూడా ఊరు ఉంది. పెరట్లో బట్టలు ఆరేసుకున్న ఇళ్ల పక్కనే చెక్కిన రాతి ముక్కలు కనిపిస్తాయి. అర్పా, లీలాగర్, శివనాథ్ నదుల నడుమ ఉన్న ఈ ఊరు ఒకప్పుడు పెద్ద నగరం. 1975-78 నడుమ సాగర్ విశ్వవిద్యాలయం తరఫున కె.డి. బాజ్‌పాయ్ ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు జరిగాయి. సుమారు క్రీస్తుపూర్వం 1000 నుంచి క్రీస్తుశకం 1300 వరకు ఐదు దశల జనావాసాన్ని వారు గుర్తించారు. వాటిలో మన శాతవాహనుల నాణేల కాలం ఒకటి, శరభపురీయులది ఒకటి, ఆపైన సోమవంశీయులు, ఆఖరున రత్నపురి కలచురులు. 

తర్వాత పాతాళేశ్వర ఆలయం. మండపం కన్నా గర్భగుడి నేల చాలా లోతులో ఉంటుంది. మెట్లు దిగి శివలింగాన్ని దర్శించుకోవాలి. అందుకే జనం పాతాళేశ్వరుడన్నారు. కలచురి రెండవ జాజల్లదేవుని కాలపు శాసనం ఈ ఊరిని మల్లాల అని పేర్కొంటుంది. సోమరాజు అనే బ్రాహ్మణుడు ఇక్కడ కేదారేశ్వరునికి గుడి కట్టించాడని చెబుతుంది. దాని కాలం 1167-68. మన దగ్గర ఓరుగల్లులో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించిన రోజులవి. మావయ్యగారు మెట్లు దిగి, ఎక్కి, ఆయాసం తీర్చుకుంటూ "దేవుణ్ణి చూడాలంటే తలెత్తాలనుకునేవాణ్ణి, ఇక్కడ వంగి దిగాలి" అన్నారు.

ఊళ్లోని సంగ్రహశాల వద్ద మా బృందంలో చర్చ మొదలైంది. మల్హార్‌లో దొరికిన ప్రసిద్ధ విగ్రహం ఒకటి ఉంది. నాలుగు చేతుల రాతి మూర్తి, దాని మీద బ్రాహ్మీ లిపిలో రాత. దేశంలో లభించిన అతి ప్రాచీన విష్ణుమూర్తులలో ఒకటని పలువురు పండితులు భావించారు. దాని కాలం గురించీ, అది విష్ణువేనా అన్న దాని గురించీ భేదాభిప్రాయాలున్నాయి. ఆ రాత చెప్పే సంగతి మాత్రం చాలా సాదాసీదాగా ఉంటుంది. పర్ణదత్తుని భార్య భారద్వాజి దీన్ని చేయించింది, అని. రాజు పేరు లేదు, రాజ్యం పేరు లేదు. ఒక గృహిణి పేరు మిగిలింది. జైన తీర్థంకరుల శిల్పాలు, బౌద్ధ శిల్పాలు, శైవ మూర్తులు కూడా ఈ ఊరి మట్టిలోంచే వచ్చాయి.

అవన్నీ చూశాక మాతో వచ్చిన ఒక మధ్యవయస్కుడు సూటిగా అడిగాడు. "అసలు మొదట ఇది ఎవరిది? మనదా, బౌద్ధులదా? దాని మీద తర్వాత ఎవరు కట్టారు?" ఆ గొంతులో కుతూహలం కన్నా తగువు తీర్చాలన్న ఆత్రుత ఎక్కువగా ఉంది. ఢిల్లీలో, లక్నోలో, హైదరాబాదులో నేను వినే ప్రశ్నే అది.

గైడు తడబడలేదు. "మొదట ఇక్కడ కుండలు చేసుకునేవాళ్లు ఉన్నారు సార్. తవ్వకాల్లో అన్నింటికన్నా కింద దొరికింది పెంకులే. ఆ పెంకుల మీద దేవుడి పేరు లేదు" అన్నాడు. నలుగురూ నవ్వారు. అడిగినాయన నవ్వలేదు కాని, ఆ తర్వాత దారి పొడవునా పెంకుల గురించే ప్రశ్నలు వేశాడు.

ఆయన ప్రశ్నకు మరో సమాధానం ఇదే ఊళ్లో దొరికిన ఒక తామ్రశాసనంలో ఉంది. దాన్ని వేయించినవాడు పాండువంశపు మహాశివగుప్త బాలార్జునుడు. సిర్పూరు రాజధానిగా దక్షిణ కోసలను ఏలినవాడు. తనను తాను పరమ మాహేశ్వరుడిగా ప్రకటించుకున్న శివభక్తుడు. ఆ రాజు తన మేనమామ భాస్కరవర్మ కోరిక మేరకు కైలాసపురం అనే గ్రామాన్ని దానం చేశాడు. ఎవరికి? తరడంశకంలోని చిన్న విహారంలో నివసించే బౌద్ధ భిక్షు సంఘానికి. ఆ విహారాన్ని కట్టించింది కోరదేవుని భార్య అలక. శివుని నివాసం పేరున్న ఊరు, శివభక్తుడైన రాజు, ఒక గృహిణి కట్టించిన బౌద్ధ విహారం, ఈ మూడూ ఒకే రాగిరేకు మీద ఇమిడిపోయాయి. ఈ రాజు తల్లి వాసట, భర్త హర్షగుప్తుని స్మృతికి సిర్పూరులో విష్ణువుకు ఇటుకల గుడి కట్టించింది. లక్ష్మణ దేవాలయంగా అది నేటికీ నిలిచి ఉంది. ఒకే ఇంట్లో తల్లి విష్ణువుకు గుడి కట్టింది, కొడుకు శివుణ్ణి కొలిచాడు, బౌద్ధులకు ఊరిచ్చాడు.

దీన్నంతా స్వర్ణయుగపు మతసామరస్యంగా చిత్రించే ఉద్దేశం నాకు లేదు. రాజులు దానాలు చేసింది కేవలం ఔదార్యంతోనే కాదు. భిక్షువులకు ఇచ్చినా, బ్రాహ్మణులకు ఇచ్చినా ఆ గ్రామపు పన్నులు కట్టేది రైతులే. వారి అనుమతి ఏ శాసనమూ అడగలేదు. నేను చెప్పదలచింది ఇంకా చిన్న విషయం. "ఈ స్థలం ఒకే ఒక్కరిది" అన్న వాదన ఆ రాగిరేకు రాయించినవారికే అర్థమయ్యేది కాదు.

గతంలో ఒక పొరను ఎంచుకుని మిగిలినవాటిని చెరిపేయడం ఎలా ఉంటుందో చూడాలంటే, మావయ్యగారి అమ్మాయి చూపిస్తానన్న రోమ్‌కే వెళ్లాలి. కొలోసియం నుంచి వెనీజియా కూడలి దాకా సూటిగా సాగే విశాలమైన రహదారి మీద నేడు లక్షలమంది పర్యాటకులు నడుస్తారు. రెండువైపులా చక్రవర్తుల కాలపు శిథిలాలు కనువిందు చేస్తాయి. ఆ దారి ప్రాచీన రోమన్లు వేసింది కాదు. ముస్సోలినీ వేయించాడు. తన అనుచరులు రోమ్ మీదికి దండెత్తి పదేళ్లయిన సందర్భంగా 1932 అక్టోబరు 28న దాన్ని ప్రారంభించాడు. అందుకోసం మధ్యయుగాల నాటి నుంచి జనం నివసిస్తున్న వాడలను కూల్చివేశారు. వేలమందిని నగరం అంచులకు తరలించారు. సీజర్ల కాలం కావాలి, ఆ తర్వాతి వెయ్యిన్నర సంవత్సరాలు అక్కర్లేదు, ఇదీ లెక్క. శిథిలాలను వెలికితీసే పేరుతో కొత్త శిథిలాలు తయారయ్యాయి.

అదే నగరంలో, కొలోసియానికి నడక దూరంలో, సెయింట్ క్లెమెంట్ చర్చి ఉంది. పైన 12వ శతాబ్దపు చర్చి. మెట్లు దిగితే 4వ శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే 1వ శతాబ్దపు కట్టడాలు, వాటిలో మిత్ర దేవతకు పూజలు జరిగిన గది. అడుగున ఉన్న దేవుడు తిరిగి రావాలని ఎవరూ పై చర్చిని పడగొట్టలేదు. పై చర్చి కట్టినప్పుడు అడుగున ఉన్నదాన్ని పూడ్చినా, తర్వాత దాన్ని తవ్వి వెలికితీశారు. టిక్కెట్టు కొన్నవాడు మూడూ చూసి వస్తాడు. ఒకే నగరంలో గతంతో వ్యవహరించే రెండు పద్ధతులు పక్కపక్కనే ఉన్నాయి.

మన దేశం ఏ పద్ధతి వైపు అడుగులు వేస్తున్నది? 1991లో పార్లమెంటు ప్రార్థనా స్థలాల చట్టం చేసింది. 1947 ఆగస్టు 15 నాటికి ఏ ప్రార్థనా స్థలం ఏ స్వభావంతో ఉందో ఆ స్వభావమే కొనసాగాలన్నది దాని సారం. అయోధ్య వివాదాన్ని మాత్రం మినహాయించింది. అయోధ్యలో 2003లో కోర్టు ఆదేశంతో పురావస్తు సర్వేక్షణ సంస్థ తవ్వకాలు జరిపింది. 2019 నవంబరు 9 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, ఆ తవ్వకాల ఫలితాల ఆధారంగా భూమిపై యాజమాన్య హక్కును నిర్ణయించలేమని స్పష్టంగా చెప్పింది. తీర్పు ఎవరికి అనుకూలమన్న చర్చలో ఆ వాక్యం మరుగున పడింది. తవ్వకం ఒక స్థలంలో ఎవరెవరు బతికారో చెబుతుంది. నేడు అది ఎవరికి చెందాలో చెప్పే పని దానిది కాదు. ఆ పని రాజ్యాంగానిది.

ఇది ఉత్తరాది జాడ్యమని మనం చేతులు దులుపుకోవడానికీ లేదు. తెలుగు రాజకీయాలకూ పొరలను ఏరుకునే అలవాటు ఉంది. అమరావతి మహాస్తూపపు రాళ్లను 18వ శతాబ్ది చివర స్థానిక జమీందారు కొత్త పట్టణ నిర్మాణానికి తరలించాడు. దొరలు మిగిలిన శిల్పాలను చెన్నపట్నానికి, లండనుకు చేర్చారు. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన రాజధానికి ఆ పేరు పెట్టుకున్నాం. తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఆ పేరు చుట్టూ జరిగిన రాజకీయం పాఠకులకు తెలిసిందే. నాగార్జునకొండ కథ మరొకటి. ఇక్ష్వాకుల విజయపురి నీట మునుగుతుందని తెలిసి 1954-60 నడుమ హడావుడిగా తవ్వి, కొన్నింటిని కొండ మీదికి చేర్చారు. అక్కడా రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అన్నం పెట్టే ప్రాజెక్టు కోసం ఆ నిర్ణయం తీసుకున్నారు, దాన్ని నేను తప్పుపట్టను. కాని గతం పవిత్రమని ఒకచోట, అడ్డమని మరోచోట అనే సౌలభ్యాన్ని మనమూ వాడుకున్నామని ఒప్పుకోవాలి.

ఇంతకీ ఈ వాదోపవాదాల్లో ఎన్నడూ వినబడని గొంతు ఒకటుంది. శిథిలాల మధ్య కాపురం ఉండేవారిది. 2010 సవరణ తర్వాత, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. నియమం అవసరమైనదే. దాని భారం మాత్రం పర్యాటకుడి మీద పడదు. పాతాళేశ్వర ఆలయానికి దగ్గర్లో టీ కొట్టు నడిపే ఒక పెద్దామె, కొడుకు పెళ్లికి ఒక గది వేసుకోవడానికి పడుతున్న అవస్థ మావయ్యగారితో చెప్పుకుంది. "మా ఇంటి కింద కూడా ఏదో ఉందంటారు బాబూ. ఉంటే ఉండనీ, మా నెత్తిన కప్పు ఉండొద్దా?" అన్నదట. ఢిల్లీలో జరిగే ఏ వారసత్వ సదస్సులోనూ ఈ ప్రశ్న నేను వినలేదు.

అదే ఊరివాళ్లు తమదనుకున్నదాన్ని ఎలా కాపాడుకుంటారో డిడనేశ్వరీ దేవి ఆలయంలో కనిపిస్తుంది. నల్లరాతిలో మెరిసే ఆ కలచురి కాలపు విగ్రహాన్ని 1991లో దొంగలు ఎత్తుకుపోయారు. ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురిలో అది దొరికింది. తిరిగి వచ్చింది. పడవ నడిపే, చేపలు పట్టే నిషాద కులస్తులకు ఆమె ఇలవేల్పు. ఆ విగ్రహం ఏ దేవతది, చేతులు జోడించిన భంగిమ భక్తురాలిదా రాణిదా అని పండితులు చర్చించుకుంటారు. నిషాద స్త్రీలు వచ్చి చీర పెట్టి, దీపం వెలిగించి వెళతారు. మల్హార్‌లో నేను చూసిన పొరలన్నింటిలోకీ పైది ఇదే. ఇది ఇంకా బతికే ఉంది.

తిరుగు ప్రయాణంలో గైడు కిరారీ కొయ్యస్తంభం గురించి చెప్పాడు. చంద్రపూర్ దగ్గరి ఆ పల్లెలో 1921లో ఎండిన చెరువు అడుగున అది బయటపడింది. సుమారు 2వ శతాబ్దిది. దాని మీద ఒక రాజ్యపు ఉద్యోగుల పదవులు వరసగా ఉన్నాయి. నగర రక్షకుడు, సేనాపతి, గణకుడు, భాండాగారికుడు, వంటశాల అధికారి, లేఖలు మోసేవాడు, గోశాల చూసేవాడు. ఎండ తగిలి అక్షరాలు పెచ్చులూడిపోతుంటే ఆ ఊరి పండితుడొకాయన దిద్దిన నకలు వల్లే మనకు ఆ పాఠం చాలా వరకు దక్కింది. స్తంభం నేడు రాయ్‌పూర్ సంగ్రహశాలలో ఉంది. ఉద్యోగాల జాబితా వినగానే మావయ్యగారి ముఖం వెలిగింది. "ఇందులో మా గ్రూప్-డి వాళ్లు కూడా ఉన్నారన్నమాట" అన్నారు. చరిత్రలో తన పొర ఏదో ఆయన ఇట్టే పట్టేశారు.

పాలకుల నుంచి మల్హార్‌కు కావలసినవి పెద్ద కోరికలేమీ కావు. దొరికిన శిల్పాలను ఊళ్లోనే భద్రంగా చూపగల సంగ్రహశాల, హిందీలోనూ ఛత్తీస్‌గఢీలోనూ అర్థమయ్యే పలకలు, మా గైడు వంటి స్థానిక యువకులకు శిక్షణ, జీతం, నిషిద్ధ ప్రాంతంలోని ఇళ్లకు న్యాయమైన ప్రత్యామ్నాయం. ఒక్క బహిరంగ సభకు పెట్టే ఖర్చులో ఇవి చాలావరకు జరుగుతాయి. జరగకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఐదు దశలున్న ఊరు ఏ ఒక్క పార్టీ నినాదానికీ సరిపోదు.

ఇకమీదట ఎవరైనా వేదిక మీద నిలబడి "దీని కింద ఉన్నది మనది" అని గర్జిస్తే, పాఠకులారా, ఒక్క ప్రశ్న అడగండి. "సరే, దాని కింద ఏముంది?" జవాబు వచ్చినా అక్కడితో ఆగకండి. పెంకుల దాకా అడగండి.